పని తెలిసిన అతిథులు: నిపుణ వలంటీర్లను పంపే సంస్థలు

ఒక మనిషి రిటైరైన రోజున ఆయనతోపాటు ముప్పై నలభై ఏళ్ల పనితనం కూడా ఫ్యాక్టరీ గేటు దాటి ఇంటికి వెళ్లిపోతుంది. ఏ యంత్రం ఎలాంటి చప్పుడు చేస్తే ఏ భాగం అరిగినట్టో, పిండిలో తేమ ఎక్కువైన రోజున రొట్టె ఎందుకు కుంగిపోతుందో, సరుకు తీసుకుని బాకీ ఎగ్గొట్టేవాణ్ణి ముందే ఎలా పసిగట్టాలో ఆయనకు తెలుసు. వీటిలో చాలా సంగతులు ఎక్కడా రాసి ఉండవు. మరో దేశంలో పాతికమంది పనివాళ్లున్న చిన్న కర్మాగారం యజమాని ఇవే ప్రశ్నలతో తల పట్టుకుని కూర్చుంటాడు. పెద్ద కన్సల్టెంట్‌ను పెట్టుకునే స్తోమత అతనికి ఉండదు. ఈ ఇద్దరినీ ఒకచోట చేర్చడమే పనిగా పెట్టుకున్న స్వచ్ఛంద సంస్థలు అరవై ఏళ్లకు పైగా నడుస్తున్నాయి.

జర్మనీలోని బాన్ నగరం కేంద్రంగా పనిచేసే సీనియర్ ఎక్స్‌పర్టెన్ సర్వీస్, నెదర్లాండ్స్‌లోని పమ్, కెనడాలోని కాటలిస్ట్ ప్లస్, ఆస్ట్రేలియన్ బిజినెస్ వలంటీర్స్, బ్రిటన్‌లో పుట్టిన వి.ఎస్.ఓ. వీటిలో ముఖ్యమైనవి. నిధులు పంచడం, యంత్రాలు కొనిపెట్టడం వీటి ప్రధాన కార్యక్రమం కాదు. పని తెలిసిన మనిషిని పంపుతాయి. ఆ మనిషికి ప్రయాణ ఖర్చు, బీమా, బస, భోజనం దక్కుతాయి, జీతం ఉండదు. కొన్ని సంస్థల వలంటీర్లు రెండు మూడు వారాల్లో తిరిగొస్తారు, కొన్నింటివారు ఏడాది రెండేళ్లు ఉండిపోతారు. వెళ్లేచోటు బేకరీ కావచ్చు, పాల కేంద్రం కావచ్చు, నర్సింగ్ పాఠశాల కావచ్చు, చిన్న పట్టణపు మునిసిపాలిటీ కావచ్చు.

ఈ ఆలోచన మొదట సొంత దేశంలోనే రూపు దిద్దుకుంది. 1950లలో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రం, విల్మింగ్టన్‌లో డ్యూపాంట్ కంపెనీ నుంచి రిటైరైన మారిస్ డ్యూపాంట్ లీ తనలాంటి మాజీ అధికారులను కొందరిని కూడగట్టి, ఊళ్లోని చిన్న వ్యాపారులకు ఉచితంగా సలహాలు ఇప్పించడం మొదలుపెట్టారు. అలాంటి ప్రయత్నాలన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చి 1964లో అమెరికా చిన్న వ్యాపారాల శాఖ స్కోర్ అనే సంస్థను ఏర్పాటుచేసింది. దాదాపు పదివేలమంది వలంటీర్లతో అది ఈనాటికీ అమెరికా పట్టణాల్లో పనిచేస్తూనే ఉంది.

అదే 1964లో ఈ ఆలోచన సముద్రం దాటింది. చేజ్ మన్‌హట్టన్ బ్యాంకు అధ్యక్షుడు డేవిడ్ రాక్‌ఫెల్లర్ అంతకు ముందు ఏడాదే ఒక ప్రతిపాదన చేశారు. కెనడీ 1961లో పీస్ కోర్ ప్రారంభించి యువతను పేద దేశాలకు పంపుతున్నారు కదా, అనుభవం పండిన వ్యాపార నిర్వాహకులను కూడా ఎందుకు పంపకూడదన్నది ఆయన వాదన. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మద్దతుతో ఇంటర్నేషనల్ ఎగ్జిక్యూటివ్ సర్వీస్ కోర్ ఏర్పడింది. అమెరికా సైనిక శాఖ మాజీ కార్యదర్శి, జనరల్ డైనమిక్స్ కంపెనీని నడిపిన ఫ్రాంక్ పేస్ దానికి తొలి అధ్యక్షుడు. ఇది ప్రచ్ఛన్న యుద్ధ కాలం. ప్రైవేటు వ్యాపారమే పేదరికానికి విరుగుడని చూపించాలన్న రాజకీయ తపన కూడా ఈ సేవలో కలిసే ఉంది. ఆ సంగతిని పక్కకు నెట్టి ఈ సంస్థల చరిత్ర చెప్పడం నిజాయితీ అనిపించుకోదు.

ఆ తర్వాత వరుసగా ఒక్కో దేశం అదే బాట పట్టింది. 1967లో కెనడాలో సెసో పుట్టింది. 2022లో అదే కాటలిస్ట్ ప్లస్‌గా పేరు మార్చుకుంది. 1972లో బ్రిటన్‌లో బెసో, 1978లో నెదర్లాండ్స్‌లో పమ్, 1981లో ఆస్ట్రేలియాలో ఎసాప్ (నేటి ఆస్ట్రేలియన్ బిజినెస్ వలంటీర్స్), 1983లో జర్మనీలో సీనియర్ ఎక్స్‌పర్టెన్ సర్వీస్ వచ్చాయి. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, స్పెయిన్, జపాన్ కూడా తమతమ పద్ధతుల్లో ఇలాంటి సేవలు ఏర్పరుచుకున్నాయి. చాలాచోట్ల పునాది ఒకటే: ఒకవైపు పరిశ్రమాధిపతుల సంఘాలు, మరోవైపు ప్రభుత్వ విదేశీ సాయం శాఖ. మనుషులను పరిశ్రమలు చూపిస్తే డబ్బు ప్రభుత్వం ఇచ్చింది.

కెనడా సంస్థ కథలో ఒక ప్రత్యేకత ఉంది. అది విదేశాలకు మనుషులను పంపడంతో ఆగలేదు. సొంత దేశంలోని ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్ వంటి ఆదివాసీ సముదాయాలు అడిగితే వారి దగ్గరికీ సలహాదారులను పంపింది. లెక్కల నిర్వహణ, సముదాయ పాలన, చిన్న వ్యాపారాల ఏర్పాటు లాంటివి అక్కడి పనులు. ధనిక దేశంలోనే వెనక్కి నెట్టబడ్డ ప్రజలు ఉన్నారన్న సంగతిని తోటి సంస్థలకంటే ముందే గుర్తించి, దాన్ని తన రోజువారీ పనిలో భాగం చేసుకోవడం ఈ సంస్థ గొప్పతనం.

పిల్లలతో మొదలై నిపుణుల దాకా

వి.ఎస్.ఓ. దారి వేరు. అది రిటైరైనవారితో మొదలు కాలేదు, బడి ముగించిన కుర్రాళ్లతో మొదలైంది. 1958లో పోర్ట్స్‌మౌత్ బిషప్ సండే టైమ్స్ పత్రికకు ఒక లేఖ రాశారు. బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ ముగింపుకొస్తోంది, విశ్వవిద్యాలయంలో చేరే ముందు ఖాళీగా ఉండే ఏడాదిని పద్దెనిమిదేళ్ల యువకులు విదేశాల్లో సేవకు వినియోగించవచ్చు అన్నది ఆ లేఖ సారాంశం. దాని వెనకున్న దంపతులు అలెక్ డిక్సన్, మోరా డిక్సన్. ఆఫ్రికాలోనూ సారవాక్‌లోనూ సముదాయ అభివృద్ధి పనులు చేసివచ్చిన అనుభవం అలెక్‌ది.

తొలి వలంటీర్లకు చేతిలో విద్య ఏదీ లేదు. చదువు చెప్పారు, ఆటలాడించారు, చెప్పిన పనల్లా చేశారు. వాళ్ల ఉత్సాహాన్ని ఎవరూ శంకించలేదు; వాళ్ల వల్ల కలిగే ప్రయోజనం ఎంతన్నదే ప్రశ్న. 1962 నుంచి సంస్థ పట్టభద్రులను తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ ఏడాదే అలెక్ వి.ఎస్.ఓ. నుంచి బయటికొచ్చి, బ్రిటన్‌లోనే సేవచేసే కమ్యూనిటీ సర్వీస్ వలంటీర్స్ అనే సంస్థను స్థాపించారు. 1980 నాటికి వృత్తి నైపుణ్యం లేనివారిని పంపడం పూర్తిగా ఆగిపోయింది, సేవాకాలం రెండేళ్లకు పెరిగింది. కారణం సులభంగానే ఊహించవచ్చు. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలు తమ సొంత విశ్వవిద్యాలయాలు కట్టుకున్నాయి, సొంత పట్టభద్రులను తయారుచేసుకున్నాయి. వారికి ఇక కావలసింది విదేశీ కుర్రవాడు కాదు. మంత్రసానులకు శిక్షణ ఇవ్వగల నర్సు, ఉపాధ్యాయులకు పాఠం చెప్పే పద్ధతి నేర్పగల అధ్యాపకుడు, లెక్కలు సరిచేయగల అకౌంటెంట్ కావాలి. 2005లో బెసో కూడా వి.ఎస్.ఓ.లో విలీనమైంది. అలా కుర్రవాళ్ల సంస్థ, పెద్దవాళ్ల సంస్థ ఒకే ఇంట్లోకి చేరాయి.

వయసుకు ఈ రంగంలో ఉన్న విలువకు పీస్ కోర్ చరిత్రలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 1961 డిసెంబరులో 26 మంది తొలి వలంటీర్లు పంజాబ్‌కు వచ్చారు. 1976 వరకు సాగిన ఆ కార్యక్రమంలో నాలుగువేలమందికి పైగా భారత్‌లో పనిచేశారు. ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల్లో కోళ్ల పెంపకం, వ్యవసాయం వారి పనుల్లో ఉన్నాయి. చాలామంది ఇరవైల్లో ఉన్నవారే. వారి మధ్య 1966లో 68 ఏళ్ల నర్సు ఒకామె బొంబాయి దగ్గరి విక్రోలీకి వచ్చి దాదాపు రెండేళ్లు పనిచేసింది. ఆమె పేరు లిలియన్ కార్టర్. పదేళ్ల తర్వాత ఆమె కొడుకు జిమ్మీ అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. విక్రోలీలో రోగులకు పనికొచ్చింది మాత్రం ఆమె నర్సు వృత్తిలో గడించిన అనుభవమే.

రెండు వారాల్లో ఏం జరుగుతుంది

పమ్ లాంటి సంస్థ పని విధానం చూస్తే ఈ సేవ స్వభావం బాగా తెలుస్తుంది. ముందుగా వ్యాపారి అడగాలి. అడగకుండా ఎవరినీ పంపరు. ఆ దేశంలోనే ఉండే ప్రతినిధి వ్యాపారిని కలిసి, అసలు సమస్య ఏమిటో, సలహా పాటించే ఉద్దేశం ఉందో లేదో చూసి దరఖాస్తును హేగ్‌లోని కార్యాలయానికి పంపుతాడు. అక్కడ ఆ రంగం తెలిసిన మరో వలంటీరు దాన్ని చదివి, తన దగ్గరున్న జాబితా నుంచి తగిన నిపుణుణ్ణి ఎంచుతాడు. విమానం ఖర్చు సంస్థది, స్థానికంగా బస, భోజనం, తిరగడానికి బండి వ్యాపారివి. ఈ చిన్న షరతు వెనక పెద్ద ఆలోచన ఉంది. పూర్తిగా ఉచితంగా వచ్చినదాన్ని పక్కన పడేయడం తేలిక. తన జేబులోంచి కొంత పోయిందంటే వ్యాపారి ఆ రెండు వారాలూ నిపుణుణ్ణి ఖాళీగా కూర్చోనివ్వడు.

జర్మనీ సంస్థ జాబితాలో 12,000 మందికి పైగా నిపుణులున్నారు. వారి పర్యటనలు సాధారణంగా మూడు వారాల నుంచి ఆరు నెలల లోపు ఉంటాయి. రిటైరైనవారితో మొదలైన ఈ సంస్థ, ఉద్యోగంలో ఉంటూనే సెలవుపెట్టి వెళ్లదలచినవారి కోసం 2017లో ప్రత్యేక విభాగం తెరిచింది. జర్మనీలోనే వృత్తి శిక్షణ మధ్యలో మానేసే ప్రమాదంలో ఉన్న యువతకు పెద్దలను తోడుగా ఇచ్చే మరో కార్యక్రమమూ నడుపుతోంది.

ఒక చిన్న బేకరీ సంగతే తీసుకుందాం. బయటినుంచి వచ్చిన నిపుణుడు తొలి రెండు రోజులూ ఏమీ చెప్పకపోవడమే మంచిది. తెల్లవారుజామున పిండి కలిపే వేళకు వచ్చి చూడాలి. పొయ్యి వేడి కొలవాలి, రోజూ ఎన్ని రొట్టెలు అమ్ముడుపోకుండా మిగులుతున్నాయో లెక్కపెట్టాలి, పిండి బస్తాలు గోడకు ఆనించి తేమ పట్టేలా పెడుతున్నారేమో చూడాలి. యజమాని కొత్త పొయ్యి కొనాలని అప్పుకు సిద్ధపడి ఉంటాడు. అసలు నష్టం పొయ్యి దగ్గర కాకుండా, ధర నిర్ణయించేటప్పుడు కరెంటు ఖర్చు లెక్కలో వేసుకోకపోవడం దగ్గర ఉండవచ్చు. నిపుణుడి అసలు సాయం కొన్నిసార్లు, కొనవద్దని చెప్పగలగడం.

ఇక్కడే ఇంకో విషయం గమనించాలి. పనివాళ్లు యజమానితో చెప్పలేని మాట అతిథితో చెబుతారు. యజమాని తన మేనేజరు చెబితే వినని మాట దూరదేశం నుంచి వచ్చిన తెల్ల జుట్టు మనిషి చెబితే వింటాడు. ఇది ఈ సేవకు పెద్ద బలం. ఒక్కోసారి ఇదే బలహీనత కూడా, ఎందుకంటే మేనేజరు చెప్పినదే సరైనదై ఉండవచ్చు.

వ్యవసాయంలో ఈ పద్ధతికి పేరుమోసిన ఉదాహరణ అమెరికా ఫార్మర్-టు-ఫార్మర్ కార్యక్రమం. 1985 నాటి వ్యవసాయ చట్టం దీనికి ఆధారం. అమెరికా రైతులు, పశువైద్యులు, సహకార సంఘాల నిర్వాహకులు రెండు మూడు వారాలపాటు ఇతర దేశాల రైతుల దగ్గరికి వెళ్లేవారు. దీనికి తర్వాత జాన్ ఓగొనోవ్‌స్కీ పేరు చేర్చారు. ఆయన మసాచుసెట్స్‌లో రైతు. కంబోడియా నుంచి వలస వచ్చిన కుటుంబాలకు తన భూమిలో సాగు చేసుకునే వీలు కల్పించి, సాయం చేసినవాడు. వృత్తిరీత్యా పైలట్. 2001 సెప్టెంబర్ 11న ఉగ్రవాదులు హైజాక్ చేసి న్యూయార్క్ జంట భవనాల్లో మొదటి దాన్ని ఢీకొట్టిన విమానానికి ఆయనే కెప్టెన్.

1989 తర్వాత తూర్పు యూరప్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలినప్పుడు ఈ సంస్థలన్నిటికీ ఒక్కసారిగా పని పెరిగింది. నిన్నటిదాకా ప్రణాళికా సంఘం చెప్పినంత తయారుచేసిన కర్మాగారాలకు, ధర ఎలా కట్టాలో, కొనేవాణ్ణి ఎలా వెతకాలో తెలియదు. 1990లో అమెరికాలో సిటిజన్స్ డెమోక్రసీ కోర్ ప్రత్యేకంగా ఇందుకోసమే పుట్టింది. అదే తర్వాత పైక్సెరా గ్లోబల్‌గా మారింది. 2008 నుంచి ఐ.బి.ఎం. కంపెనీ తన ఉద్యోగులనే చిన్న బృందాలుగా నాలుగు వారాలపాటు రొమేనియా, ఘనా, టాంజానియా, వియత్నాం వంటి దేశాలకు పంపడం మొదలుపెట్టింది. కంపెనీలకు ఇందులో స్వప్రయోజనం ఉంది. ఉద్యోగులకు కొత్త మార్కెట్ల పరిచయం, నాయకత్వ శిక్షణ దొరుకుతాయి. దాన్ని దాచకుండా చెప్పడం మేలు.

సలహా నిలుస్తుందా

ఈ సంస్థల వార్షిక నివేదికలు సంతోషపడ్డ వ్యాపారుల కథలతో నిండి ఉంటాయి. అతిథి వెళ్లాక ఏమైందన్నది అసలు ప్రశ్న. దీనికి పరోక్షంగానైనా గట్టి సమాధానం ముంబై దగ్గరి బట్టల మిల్లుల నుంచి దొరికింది. నికలస్ బ్లూమ్, అతని సహచర ఆర్థికవేత్తలు 17 వస్త్ర కంపెనీలకు చెందిన 28 మిల్లులను తీసుకుని, కొన్నింటికి లాటరీ పద్ధతిలో నెలలపాటు ఉచిత నిర్వహణ సలహాలు ఇప్పించారు. సలహాలు చూడ్డానికి మామూలువే: మగ్గాలను చెడిపోకముందే బాగుచేయడం, బట్టలో లోపాలను రోజూ రాసిపెట్టడం, నేల మీద చెత్త, నూలు కండెలు పేరుకోకుండా చూడడం, గోదాంలో ఏముందో లెక్కరాయడం. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఈ పనులు వీళ్లు ముందే ఎందుకు చేయలేదు? చాలామంది యజమానులకు ఇలాంటి పద్ధతులున్నాయనే తెలియదు, తెలిసినవారు తమ మిల్లుకు అవసరం లేదనుకున్నారు.

దాదాపు తొమ్మిదేళ్ల తర్వాత పరిశోధకులు మళ్లీ అదే మిల్లులకు వెళ్లారు. నేర్పిన పద్ధతుల్లో సుమారు సగం వదిలేశారు. మేనేజర్లు మారిపోవడం, యజమానులకు తీరిక లేకపోవడం ప్రధాన కారణాలు. అయినా సలహా అందని మిల్లులకంటే వీళ్లు ముందే ఉన్నారు. ఈ ఫలితాన్ని రెండు విధాలుగా చదవచ్చు. సగం పోయిందని బాధపడవచ్చు, తొమ్మిదేళ్లకు సగం నిలిచిందని ఆశ్చర్యపోవచ్చు. ఏ విధంగా చదివినా ఒకటి స్పష్టం: అది నెలల తరబడి సాగిన సలహా, పరిశోధకులు డబ్బిచ్చి పెట్టుకున్న సంస్థ ఇచ్చిన సలహా. రెండు వారాల వలంటీరు నుంచి అంతే ఆశించడం సబబు కాదు.

మెక్సికోలోని ప్వెబ్లాలో మరో పరిశోధన జరిగింది. 432 చిన్న, మధ్యతరహా వ్యాపారాల్లో 150కి స్థానిక కన్సల్టెంట్లను ఏడాదిపాటు, వారానికి నాలుగు గంటల చొప్పున కేటాయించారు. ఉత్పాదకత పెరిగింది, ఐదేళ్ల తర్వాత కూడా ఆ వ్యాపారాల్లో ఉద్యోగాలు ఎక్కువగానే ఉన్నాయి. ఇక్కడ గుర్తుంచుకోవలసినది వారం వారం వచ్చే మనిషి.

అన్నిటికంటే ఆసక్తికరమైనది కెన్యా రాజధాని నైరోబీలోని డండోరా బస్తీలో జరిగింది. చిన్న వ్యాపారం చేసుకునే యువతుల్లో కొందరికి తరగతి గదిలో పాఠాలు చెప్పారు. మరికొందరికి అదే బస్తీలో ఏళ్లుగా వ్యాపారం నెగ్గుకొస్తున్న పెద్ద వయసు ఆడవాళ్లను జతచేశారు. తరగతి పాఠాలు లాభాన్ని నిలకడగా పెంచలేదు. పెద్దమ్మల సాయం దొరికినవారి లాభాలు సగటున 20 శాతం పెరిగాయి. ఎందుకంటే ఆ పెద్దవాళ్లు చెప్పింది సిద్ధాంతం కాదు. ఏ దుకాణంలో సరుకు చవగ్గా దొరుకుతుందో, ఎవరి దగ్గర కొనకూడదో చెప్పారు. ఇద్దరి మధ్య రాకపోకలు తగ్గాక ఆ లాభమూ క్రమంగా తగ్గింది.

ఈ మూడు ప్రయోగాల్నీ పక్కపక్కన పెడితే ఈ వ్యాసం చెప్పదలచిన సంగతి కనిపిస్తుంది. సలహా విలువ సలహాదారు ఎంత దూరం నుంచి వచ్చాడన్నదాన్ని బట్టి ఉండదు. అడిగినవాడి బతుకు అతనికి ఎంత దగ్గరగా తెలుసు, ఎన్నిసార్లు తిరిగి వస్తాడు అన్నవి తేలుస్తాయి. గుడ్లు పొదిగించే యంత్రం సరిచేయడానికి డచ్ నిపుణుడు అవసరం కావచ్చు. ఆ గుడ్లు ఏ సంతలో అమ్మాలో అతనికి తెలియదు. మంచి సంస్థలు ఈ తేడాను గుర్తించి, విదేశీ నిపుణుడి పక్కన స్థానిక నిపుణుణ్ణి నిలబెడుతున్నాయి. ఒకే వ్యాపారానికి ఒకే మనిషిని మళ్లీ మళ్లీ పంపుతున్నాయి.

తెలుగు నేలతో సంబంధం

చిన్న వ్యాపారికి సలహా ఇచ్చి ఎదిగించవచ్చా అన్న ప్రశ్నకు తెలుగువారి నేల మీదే 1964లో ఒక ప్రసిద్ధ ప్రయోగం జరిగింది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ కాకినాడ వ్యాపారులను దాదాపు యాభైమందిని విడతలవారీగా హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, పదిరోజులపాటు సాధన కాంక్షను పెంచే శిక్షణ ఇప్పించారు. పోలిక కోసం రాజమండ్రి వ్యాపారులను చూశారు. తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవారు కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో, పనివాళ్లను చేర్చుకోవడంలో ముందున్నారు. యంత్రం గురించి గానీ మార్కెట్ గురించి గానీ అక్కడ చెప్పింది తక్కువ, నువ్వు ఇంకా పెద్ద పని తలపెట్టగలవు అన్న నమ్మకం కలిగించింది ఎక్కువ. ఆ సంస్థే నేటి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ, నిమ్స్‌మే. యూసఫ్‌గూడలో ఇప్పటికీ అనేక దేశాల అధికారులకు, పారిశ్రామికవేత్తలకు శిక్షణ ఇస్తోంది.

విదేశాల్లో స్థిరపడ్డవారిని కొన్ని వారాలకు స్వదేశం రప్పించి వారి నైపుణ్యం వాడుకునే టాక్‌టెన్ అనే ఐక్యరాజ్యసమితి పథకం 1977లో టర్కీతో మొదలై భారత్‌లోనూ సాగింది. 2004లో వి.ఎస్.ఓ. ఢిల్లీలోని ఒక సంస్థతో కలిసి ఐవలంటీర్ ఓవర్సీస్ పేరిట భారతీయ నిపుణులను ఇతర దేశాలకు పంపడం మొదలుపెట్టింది. వలంటీర్లను పుచ్చుకునే దేశంగానే కనిపించిన భారత్, అక్కడి నుంచి వలంటీర్లను ఇచ్చే దేశం కూడా అయింది.

తెలుగు గ్రామాల నుంచి వెళ్లిన మహిళల కథ మాత్రం ఇంతకంటే లోతైనది. గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అందరూ సెర్ప్ అని పిలిచేది, 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడింది. దాని కింద పొదుపు సంఘాలు బలపడ్డాయి. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలయ్యాక, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ వంటి రాష్ట్రాల్లో సంఘాలు కట్టడానికి అనుభవం ఉన్నవారు కావలసి వచ్చింది. ఆ పనికి సెర్ప్, వరంగల్ ప్రాంతపు ఓరుగల్లు మహిళా సమాఖ్య వంటి సంస్థలు తమ సంఘాల మహిళలనే పంపాయి. వీరిని సీఆర్పీలు (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు) అంటారు.

ఒక్కో విడతలో నెలా నెలన్నర ఇల్లు వదిలి, కొత్త ఊళ్లో పేదల ఇళ్ల మధ్యే ఉండి, వచ్చీరాని హిందీలో మాట్లాడి సంఘాలు కట్టారు. పొదుపు పుస్తకం రాయడం, వారం వారం సమావేశం పెట్టడం, తీసుకున్న అప్పు తీర్చడం నేర్పారు. మాటకంటే ముందు వారి బతుకే అక్కడివారికి సలహా అయింది. తాను కూలి పని చేసేదాన్నని, పొదుపుతో గేదెను కొన్నానని, బిడ్డను చదివించానని చెప్పే ఆడమనిషి ముందు అనుమానం ఎక్కువసేపు నిలవదు. వీరికి గౌరవ వేతనం ఉంటుంది కాబట్టి కచ్చితమైన అర్థంలో వలంటీర్లు అనలేం. పనిచేసే తీరు మాత్రం అదే: పని తెలిసిన మనిషి, అడిగినచోటికి, కొద్దికాలానికి వెళ్లడం. డండోరా బస్తీలో పెద్దమ్మలు పనికొచ్చిన కారణమే వీరికీ వర్తిస్తుంది. భాష రాకపోయినా పేదరికం తెలుసు. అభివృద్ధి రంగంలో నిపుణులంటే డిగ్రీలున్నవారేనని నమ్మేవారు ఈ మహిళల పనిని తీరికగా చదవాలి.

డబ్బు ఎవరిది

ఈ సంస్థల మీద విమర్శలు తక్కువేమీ కావు. ఉచితంగా వచ్చే విదేశీ నిపుణుడు స్థానిక కన్సల్టెంట్ల పొట్టకొడతాడని ఒక ఆరోపణ. నిపుణుడి వెనకే అతని దేశపు యంత్రాల అమ్మకందారు వస్తాడని మరొకటి. వ్యాపార బంధాలు ఏర్పడడాన్ని కొన్ని సంస్థలు తమ విజయాల్లో ఒకటిగానే చెప్పుకుంటాయి, కాబట్టి రెండో ఆరోపణను కొట్టిపారేయలేం. రెండు వారాల పనికోసం ఖండాంతర విమానం ఎక్కడం వాతావరణానికి ఎంత భారమన్న ప్రశ్న ఈ మధ్య బలపడింది. 2020లో కోవిడ్ వల్ల ప్రయాణాలు ఆగిపోయినప్పుడు చాలా సంస్థలు వీడియో కాల్స్ మీద సలహాలు ఇచ్చాయి. లెక్కలు చూడడం, మార్కెటింగ్ మాట్లాడడం తెర మీద సాగాయి. యంత్రం చప్పుడు వినడం, పిండి చేత్తో పట్టి చూడడం సాగలేదు. ఇప్పుడు చాలామంది రెండూ కలిపి చేస్తున్నారు: ఒకసారి వెళ్లివచ్చి, తర్వాత నెలల తరబడి ఫోన్లో తోడుంటున్నారు. ముంబై, ప్వెబ్లా అనుభవాలను బట్టి చూస్తే, మొదటినుంచీ ఇలాగే చేసి ఉండవలసింది.

వి.ఎస్.ఓ. ఇంకో అడుగు ముందుకేసింది. ఇప్పుడు దాని తరఫున పనిచేసే వలంటీర్లలో ఎక్కువమంది తమ దేశంలోనే, తరచూ తమ ఊళ్లోనే సేవచేసేవారు. బ్రిటన్ నుంచి విమానమెక్కే నిపుణుడు ఆ బృందంలో ఒకడు మాత్రమే.

అన్నిటికంటే గట్టి దెబ్బ ఖజానా వైపు నుంచి తగులుతోంది. వలంటీరు జీతం తీసుకోకపోయినా టిక్కెట్టు, బీమా, కార్యాలయం, ప్రతినిధులు అన్నిటికీ డబ్బు కావాలి, దానిలో పెద్ద వాటా ప్రభుత్వాలదే. బ్రిటన్ 2021లో విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించింది. 2027 నాటికి 0.3 శాతానికి దించుతామని 2025లో ప్రకటించింది. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని ఉన్నపళంగా నిలిపేసింది, జూలై 1 నాటికి యు.ఎస్.ఎయిడ్ విడి సంస్థగా పనిచేయడం ఆగిపోయింది. దాని నిధుల మీద నడిచిన వలంటీరు కార్యక్రమాలకు కాళ్లకింద నేల కదిలింది. రిటైరైన నిపుణులకు కొదవ లేదు, అడిగే వ్యాపారులకు అంతకన్నా కొదవ లేదు. ఈ ఇద్దరి మధ్య దరఖాస్తు చదివి, సరైన మనిషిని వెతికి, తిరిగొచ్చాక ఏమైందని కనుక్కునే చిన్న కార్యాలయమే ముందుగా మూతపడుతోంది. అలాంటి కార్యాలయాలను ఇకపై పరిశ్రమలు, ప్రవాస సంఘాలు, సహాయం అందుకునే దేశాల ప్రభుత్వాలు తలా కొంత భరించి నిలబెట్టుకోవలసి ఉంటుంది.